కారు హెడ్‌లైట్ ఫోకస్ ఇంటి దగ్గరే సెట్ చేసుకోవడం ఎలా?

ముందు బంపర్ మార్పించిన వారానికి కదిరి నుంచి అనంతపురం వస్తున్నాం. ముదిగుబ్బ దాటిన దగ్గర్నుంచి ఎదురొచ్చే ప్రతి లారీ డిప్పర్ కొడుతూనే ఉంది. నేను డిమ్‌లోనే ఉన్నాను. రెండుసార్లు స్విచ్ చూసుకున్నాను కూడా. చివరికి బత్తలపల్లి దగ్గర టీకి ఆగినప్పుడు మా బావమరిది కారు ముందుకు నడిచి వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, "బావా, నీ కుడి లైటు చింతచెట్టు మీద కాకుల్ని లెక్కపెడుతోంది, ఎడమది రోడ్డు మీద గుంతలు లెక్కపెడుతోంది" అన్నాడు. బంపర్ విప్పి బిగించినప్పుడు లైట్ల డూములు కూడా విప్పారు, తిరిగి పెట్టాక ఫోకస్ చూడలేదు, అంతే సంగతి.

మర్నాడు ఒక మెకానిక్‌ని అడిగితే "వెలుతురు చాలట్లేదంటే ఎల్ఈడీ బల్బులు వేద్దాం సార్" అన్నాడు. వెలుతురు తక్కువై కాదు నా బాధ, ఉన్న వెలుతురు పడాల్సిన చోట పడట్లేదు. అదే లైట్లకి ఎల్ఈడీ వేస్తే కాకులు ఇంకాస్త స్పష్టంగా కనిపించేవి, ఎదుటి డ్రైవరు కళ్ళు పూర్తిగా పోయేవి.

ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. స్క్రూ తిప్పేది ఐదు నిమిషాలే. గంటన్నర పట్టేది కారునీ, నేలనీ, గోడనీ సిద్ధం చేసుకోవడానికి. చాలామంది ఆ గంటన్నర వదిలేసి ఐదు నిమిషాల పని మాత్రం చేస్తారు. అందుకే ఫోకస్ కుదరదు.

ఒక హెచ్చరిక. కొత్త కార్లలో లోడును బట్టి తనంతట తాను లెవెల్ మార్చుకునే ఎల్ఈడీ లైట్లుంటే వాటి జోలికి వెళ్ళకండి. వాటికి సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టాలి. నేను చెప్పేది మామూలు హాలోజన్ లైట్లకి, లోపల గుండ్రటి గాజు కటకం ఉండే ప్రొజెక్టర్ లైట్లకి.

ముందు లెక్క అర్థం చేసుకుందాం

డిమ్ లైటు గోడ మీద వేస్తే కింద వెలుగు, పైన చీకటి, మధ్యలో ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత ఎక్కడుందన్నదే మొత్తం వ్యవహారం. అది లైటు ఎత్తులోనే నేరుగా వెళ్తే రోడ్డుని ఎప్పటికీ తాకదు, ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. అందుకని గీత దూరం వెళ్ళేకొద్దీ కొద్దికొద్దిగా కిందికి దిగాలి. ఎంత దిగాలో చాలా కార్లలో బానెట్ లోపలి స్టిక్కరు మీదో, లైటు డూము మీదో 1% అనో 1.2% అనో అచ్చేసి ఉంటుంది. మీ కారుకి ఏది రాసుంటే అదే పాటించండి. కనిపించకపోతే 1% నుంచి 1.3% మధ్య పెట్టుకుంటే సరిపోతుంది.

దీన్ని అడుగుల్లో లెక్కేస్తే నోటి లెక్క అయిపోతుంది. 25 అడుగులంటే 300 అంగుళాలు. అందులో 1% అంటే 3 అంగుళాలు. లైటు నుంచి గోడ 25 అడుగుల దూరంలో ఉంటే, గోడ మీద గీత లైటు ఎత్తు కన్నా 3 అంగుళాలు కింద పడాలి. 1.3% అయితే దాదాపు 4 అంగుళాలు.

ఒక అంగుళం తేడాతో ఏమవుతుందిలే అనిపిస్తుంది. నా కారు లైటు మధ్య భాగం నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో ఉంది. 25 అడుగులకి 3 అంగుళాలు దిగితే వెలుతురు రోడ్డుని 225 అడుగుల దగ్గర తాకుతుంది, అంటే దాదాపు 69 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో అది మూడు సెకన్ల ప్రయాణం. అదే 6 అంగుళాలు దిగితే వెలుతురు 34 మీటర్లకే ఆగిపోతుంది, సెకనున్నర. రోడ్డు మీద గొర్రెల మంద పడుకుని ఉంటే ఆ సెకనున్నరలో బ్రేకు మీదికి కాలు వెళ్ళేసరికే సగం అయిపోతుంది. ఇక గీత 1 అంగుళమే దిగితే వెలుతురు రోడ్డుని తాకేది 200 మీటర్ల అవతల. చిన్న ఎత్తు వచ్చినా, కారు ముక్కు కాస్త లేచినా, ఎదుటివాడికి మీరు బ్రైట్ వేసినట్టే.

కారుని సిద్ధం చేయడం

ముందు టైర్లలో గాలి. కారు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరులో ఉన్న అంకె ప్రకారం కొట్టించండి. డిక్కీ ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ వాటి చోట ఉండనివ్వండి. నా డిక్కీలో రెండు నెలల కిందటి శెనక్కాయల మూట ఒకటి దొరికింది. ట్యాంకులో సగం పెట్రోలు ఉంటే మేలు. పని చేసేటప్పుడు డ్రైవర్ సీట్లో మీ అంత బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. అతనికి లైట్లు వేసే పని కూడా అప్పగించొచ్చు.

తర్వాత స్టీరింగుకి కుడివైపు కింద 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఉందేమో చూడండి. చాలా కార్లలో ఉంటుంది, చాలామందికి అదేమిటో తెలీదు. అది లైట్లని కిందికి దించే స్విచ్. ఫోకస్ సెట్ చేసేటప్పుడు అది 0 మీద ఉండాలి. నేను దాన్ని మర్చిపోయి మొదటిసారి అంతా 2 మీద పెట్టి సెట్ చేశాను. ఆ సాయంత్రం పనంతా వృథా.

ఇప్పుడు బల్బు. హాలోజన్ లైట్లలో ఎక్కువగా వాడే హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి డిమ్ముకి, ఒకటి బ్రైటుకి. డిమ్ ఫిలమెంటు కింద గరిటె గుంటలాంటి చిన్న లోహపు కప్పు ఉంటుంది. దాని వల్లే వెలుతురు రిఫ్లెక్టరు పై సగానికి మాత్రమే తగిలి కిందికి మళ్ళుతుంది, గోడ మీద ఆ గీత ఏర్పడుతుంది. బల్బు చుట్టూ ఉన్న మూడు రెక్కల్లో వెడల్పుగా ఉన్నది సరిగ్గా పైకి ఉండాలి. కొంచెం ఒరిగి కూర్చున్నా గీత వంకరపోతుంది, ఎన్ని స్క్రూలు తిప్పినా తిన్నగా రాదు. విప్పి చూసేటప్పుడు గాజుని వేళ్ళతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. అంగట్లో దొరికే చవక ఎల్ఈడీలు హెచ్4 గుంతలో పడతాయి కానీ వాటి వెలుగు పుట్టే చోటు ఫిలమెంటు ఉండాల్సిన చోట ఉండదు. గోడ మీద గీత బదులు మసక మచ్చ వస్తుంది. అలాంటి బల్బులున్నాయంటే ముందు తీసేయండి, వాటికి ఫోకస్ సెట్ చేసే దారి లేదు.

లైటు ప్లాస్టిక్ అద్దం పచ్చగా, మసకగా ఉంటే దాన్నీ ముందే పాలిష్ చేయించండి. అనంతపురం ఎండలో నాలుగేళ్ళు బయట నిలబడ్డ కారుకి ఇది మామూలే. మసక అద్దంలోంచి గీత సరిగా కనపడదు.

లారీల లైట్లకి పై సగం నల్లరంగు పూయడం చూసే ఉంటారు. ఇప్పటి లైట్లలో దాని వల్ల గీత కిందికి దిగదు, వెలుతురు తగ్గుతుంది, అంతే.

చోటు వెతుక్కోవడం

కారు పొడవు 12, 13 అడుగులు, గోడకి 25 అడుగుల ఎడం. అంటే 40 అడుగుల చదును కావాలి. మా ఇంటి ముందు కడప బండలు పరిచిన వాకిలి 20 అడుగులు. అది చాలదు. 26 అడుగులుంటే 12 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి కూడా చేయొచ్చు, 1% అంటే అంగుళంన్నర అవుతుంది. కానీ గోడ మీద మీరు చేసే అర అంగుళం పొరపాటు రోడ్డు మీద రెట్టింపు పొరపాటు అవుతుంది. నాకు దొరికిన చోటు మా వీధి చివర కల్యాణ మండపం పార్కింగ్. ఆషాఢం కాబట్టి మండపం ఖాళీ. వాచ్‌మన్‌ని అడిగితే "గోడ మీద సినిమా ఏస్తారా సార్?" అని నవ్వి గేటు తీశాడు.

గోడకి సున్నమో లేత రంగో ఉండాలి. సాయంత్రం ఏడు గంటలకి, టేపు మీద అంకెలు చదవగలిగేంత వెలుగు, గోడ మీద గీత కనిపించేంత చీకటి, రెండూ ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

నేల సమతలంగా ఉండాలని అందరూ చెబుతారు. పూర్తి సమతలం మన దగ్గర దొరకదు, వాన నీళ్ళు పోవడానికని ఎక్కడైనా వాలు పెడతారు. నిజానికి కావలసింది సమతలం కాదు. కారు నాలుగు చక్రాలూ, గోడ మొదలూ ఒకే వాలులో ఉండాలి. నేల గోడ వైపు ఒకే తీరుగా వాలి ఉంటే ఇబ్బంది లేదు, కారూ అంతే వాలి ఉంటుంది. మధ్యలో వాలు మారితేనే లెక్క తప్పుతుంది.

దీన్ని చూసుకోవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు చాలు. నీళ్ళు నింపిన సన్నని పారదర్శక పైపు, లోపల బుడగలు లేకుండా చూసుకోవాలి. ఒక కొస వెనక చక్రం దగ్గర, ఇంకో కొస ముందు చక్రం దగ్గర పట్టుకుని, నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో రెండు చోట్లా కొలవండి. ఎక్కడ ఎక్కువ అంకె వస్తే అక్కడ నేల పల్లం. తర్వాత ముందు చక్రానికీ గోడ మొదలుకీ మధ్య అలాగే కొలవండి.

మండపం దగ్గర నాకు వచ్చింది ఇది. వెనక చక్రం నుంచి ముందు చక్రానికి 8 అడుగులు, అందులో నేల 1 అంగుళం దిగింది. ముందు చక్రం నుంచి గోడకి దాదాపు 28 అడుగులు. అదే వాలు కొనసాగితే గోడ దగ్గరికి 3.5 అంగుళాలు దిగాలి. కొలిస్తే 1.5 అంగుళాలే దిగింది. అంటే గోడ దగ్గర నేల ఉండాల్సిన దానికన్నా 2 అంగుళాలు పైకి ఉంది. కాబట్టి గోడ మీద లైటు ఎత్తుని 27 అంగుళాల దగ్గర కాకుండా 25 దగ్గర గుర్తు పెట్టుకున్నాను. ఈ సవరణ చేయకపోతే, 3 అంగుళాలు దించాల్సిన చోట గీత 1 అంగుళమే దిగేది. సగం మందికి ఇంట్లో ఫోకస్ కుదరకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం.

గోడ మీద గుర్తులు

కారుని మెల్లగా ముందుకి తెచ్చి ముక్కు గోడకి దాదాపు ఆనేలా ఆపండి. లైటు అద్దం మీదో బల్బు ఎదురుగానో చిన్న చుక్క ఉంటుంది, అది డిమ్ లైటు మధ్య భాగం. దానికి ఎదురుగా గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, తూకపు గుండు దారం వేలాడదీసి నిలువు గీత గీయండి. రెండో లైటుకీ అంతే. కారు మధ్య భాగానికి ఇంకో నిలువు గీత. గోడ మీద మరకలొద్దనుకుంటే మాస్కింగ్ టేపు వాడండి.

ఇప్పుడు స్టీరింగు తిన్నగా పట్టుకుని వెనక్కి వెళ్ళండి. లైటు నుంచి గోడకి 25 అడుగులు వచ్చేలా ఆపండి. కారు తిన్నగా నిలబడిందా? కారు వెనక కూర్చుని, వెనక అద్దం మధ్యలోంచి ముందు అద్దం మధ్యని చూస్తే, గోడ మీది మధ్య గీత అదే వరుసలో కనిపించాలి. బానెట్‌ని, డిక్కీని రెండు చేతులతో నాలుగుసార్లు నొక్కి వదలండి, స్ప్రింగులు సర్దుకుంటాయి.

లైటు మధ్య చుక్క ఎత్తు నేల నుంచి కొలిచి, నేల సవరణ చేసుకుని, గోడ మీద ఆ ఎత్తులో అడ్డగీత గీయండి. దానికి 3 అంగుళాలు కింద రెండో అడ్డగీత, మీ కారు శాతం 1.2% అయితే 3.6 అంగుళాలు. ఈ కింది గీతే మన గురి. నా గోడ మీద అది 22 అంగుళాల దగ్గర పడింది.

తిప్పడం

ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడైనా తిరుగుతుంది, చేతులు, కండువాలు దూరంగా ఉంచుకోండి. డిమ్ వేయండి. ఒక లైటుకి అడ్డంగా అట్ట నిలబెట్టండి. గుడ్డ కప్పకండి, వేడికి ప్లాస్టిక్ అద్దం పాడవుతుంది.

మనం ఎడమవైపు నడిపేవాళ్ళం కాబట్టి గోడ మీది గీత ఇలా ఉండాలి. కుడి సగం అడ్డంగా తిన్నగా, ఎడమ సగం మధ్యలోంచి పైకి ఏటవాలుగా. ఎడమ అంచున నడిచే మనిషీ, మైలురాయీ కనిపించడానికి ఆ ఎత్తు. కుడివైపు ఎదుటి వాహనాలు వస్తాయి కాబట్టి అటు తిన్నగా కోసేసి ఉంటుంది. అమెరికా వీడియోలు చూసి చేసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. వాళ్ళది కుడి ప్రయాణం, ఆకారం తారుమారు.

డూము వెనక రెండు సర్దుబాటు స్క్రూలు ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకి. కొన్ని కార్లలో పైకీ కిందికీ తిప్పేది ఒక్కటే ఉంటుంది. ఎక్కువ కార్లకి పొడవాటి స్టార్ స్క్రూడ్రైవర్ చాలు, కొన్నిట్లో 8 ఎంఎం లేదా 10 ఎంఎం పానా పడుతుంది. కొన్నిట్లో పైనుంచి స్క్రూడ్రైవర్ కిందికి దూర్చితే దాని కొస ఒక తెల్ల ప్లాస్టిక్ పళ్ళచక్రంలో పడుతుంది. ఏది ఏదో తెలీకపోతే ఒకటి పావు చుట్టు తిప్పి గోడ వైపు చూడండి. ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకోండి, తప్పైతే మళ్ళీ మొదటికి రావచ్చు. గట్టిగా ఉంటే బలం పెట్టకండి. లోపలంతా ప్లాస్టికే, విరిగితే స్క్రూ ఊరికే తిరుగుతుంది, లైటు కదలదు. అప్పుడు డూమే మార్చాలి.

ముందు పైకీ కిందికీ సర్దండి. కుడి సగంలో తిన్నగా ఉన్న భాగం మన గురి గీత మీద కూర్చోవాలి. హాలోజన్‌లో గీత కత్తితో కోసినట్టు ఉండదు, అంగుళం మేర మసకగా ఉంటుంది. కళ్ళు సగం మూసి చూస్తే ఎక్కడ కోత పడిందో తెలుస్తుంది. ఇద్దరు చూస్తే రెండు మాటలు చెబుతారు. ఒకరే, ఒకే చోట నిలబడి, రెండు లైట్లూ చూడండి.

తర్వాత పక్కలకి. గీత ఎక్కడ పైకి విరుగుతుందో ఆ మూల ఆ లైటు నిలువు గీత మీద పడాలి. సరిగ్గా పడకపోతే చిటికెడు ఎడమకి ఉన్నా పర్లేదు, కుడికి మాత్రం ఉండకూడదు, ఎదుటివాడి వైపు వెళ్తుంది. చాలా కార్లలో ఇది చెడదు. ముందే సరిగ్గా ఉంటే ముట్టుకోకండి.

అట్ట తీసి రెండో లైటుకి అడ్డం పెట్టి అదే పని. రెండూ అయ్యాక బానెట్ మూసి, కారుని మళ్ళీ నాలుగుసార్లు ఊపి చూడండి. నాకు మూసిన తర్వాత కుడిది అర అంగుళం లేచింది, మళ్ళీ దించాల్సి వచ్చింది. హెచ్4 లైట్లలో డిమ్, బ్రైట్ ఒకే రిఫ్లెక్టరు కాబట్టి బ్రైట్ తనంతట తానే కుదురుతుంది. బ్రైట్‌కి వేరే లైటుంటే దాని బాగా వెలిగే మచ్చ లైటు ఎత్తు గీత దగ్గర ఉందో లేదో చూడండి.

చట్టం ప్రకారం ఎలా ఉందో తెలుసుకోవాలంటే, కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో 106వ నియమం ఉంది. లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడికి, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కన్ను పెట్టి చూసేవాడికి డిమ్ లైటు కళ్ళు చెదరగొట్టకూడదు. 8 మీటర్లు అంటే 26 అడుగులు, మన గోడ దూరమే. గోడకి ఆనుకుని నిలబడి, కాస్త మోకాళ్ళు వంచి చూస్తే సరిపోతుంది. బావమరిది అలా నిలబడి "ఇప్పుడు కాకులు నిద్రపోవచ్చు" అన్నాడు.

రోడ్డు మీద చూడటం

చీకటి పడ్డాక వీధి దీపాలు లేని తిన్నటి రోడ్డు మీదికి వెళ్ళండి. నేను రాప్తాడు దాటి 44వ నంబర్ జాతీయ రహదారి మీద చూశాను. ముందు వెళ్ళే కారు వెనక నెమ్మదిగా వెళ్తూ చూస్తే, మీ వెలుతురు గీత దాని బంపర్ మీద, నంబరు ప్లేటు చుట్టుపక్కల ఉండాలి. వెనక అద్దం వెలిగిపోతోందంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. ఎడమ అంచు తెల్లగీత కుడి గీత కన్నా దూరం దాకా కనిపించాలి.

ఇక ఆ 0, 1, 2, 3 చక్రం. డ్రైవరు, పక్కన ఒకరు ఉంటే 0. సీట్లన్నీ నిండితే 1. సీట్లూ డిక్కీ నిండితే 2. డ్రైవరొక్కడే, డిక్కీ మాత్రం నిండా ఉంటే 3. తాడిపత్రి నుంచి నాలుగు మూటల శెనక్కాయలు వేసుకొస్తే కారు వెనక భాగం 2 అంగుళాలు కుంగుతుందనుకోండి. 8 అడుగుల మీద 2 అంగుళాలంటే 2% పైకి. మనం అంత కష్టపడి పెట్టిన 1% కింద పోయి 1% పైకి అవుతుంది. ఆ రోజు ముదిగుబ్బ దగ్గర మా డిక్కీలో కూడా రెండు మూటలున్నాయి, చక్రం 0 మీదే ఉంది.

లైటు ఎత్తు, నేల సవరణ, గురి గీత, ఈ మూడు అంకెలూ గ్లవ్ బాక్సు మూత లోపల పెన్నుతో రాసి పెట్టుకున్నాను. వాచ్‌మన్ కూడా సుద్ద గీతల్ని చెరపలేదు. పోయిన నెల తన తమ్ముడి ఆటోని అక్కడే నిలబెట్టి, "దీనికెంత దించాలి సార్?" అని ఫోన్ చేశాడు.